మన ఇంటిని మనమే తీర్చిదిద్దుకోవడం: బెంగళూరు ఫ్లాట్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో వెళ్లాలి

కొత్త ఫ్లాట్‌లోకి వచ్చి ఏడాది దాటినా చాలా ఇళ్లలో గోడలు బోసిగానే ఉంటాయి. డబ్బు ఒక్కటే కారణం కాదు. వేసిన రంగు బాగోకపోతే? కొన్న సోఫా నప్పకపోతే? చుట్టాలు ఏమంటారో? ఈ బెరుకే చెయ్యి కట్టేస్తుంది. మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు అద్దెకుంటున్న మన తెలుగు కుటుంబాల్లో ఇంకో మాట కూడా వినిపిస్తుంది: ‘ఎలాగూ ఇది మన ఇల్లు కాదుగా, ఊళ్లో కట్టుకున్నప్పుడు చూద్దాం.’ ఆ ‘చూద్దాం’లో పదేళ్లు గడిచిపోతాయి. పిల్లలు పెరిగి పెద్దయ్యేది మాత్రం ఈ ఇంట్లోనే.

ఈ బెరుకు చాలావరకు పనుల వరుస తప్పడం వల్ల వస్తుంది. ఎక్కువమంది వెనక్కి తీసుకోలేని పనితో మొదలుపెడతారు. ఫాల్స్ సీలింగ్, గోడంతా కప్పేసే టీవీ యూనిట్, వాల్‌పేపర్. అది తేడా కొట్టిందంటే ఇక దేనిమీదా చెయ్యి వెయ్యబుద్ధి కాదు. ఈ మార్గదర్శిలో వరుస తిరగేసి ఉంటుంది. ముందు పైసా ఖర్చు లేకుండా, పది నిమిషాల్లో మళ్లీ మార్చుకోగలిగే పనులు. తర్వాత బల్బులు, గుడ్డలు. ఆ తర్వాత రంగు, గోడకు రంధ్రాలు. చెక్కపని అన్నిటికంటే ఆఖరున. ప్రతి మెట్టు మీదా చేసిన పని కళ్లకు కనిపిస్తుంది కాబట్టి పై మెట్టుకు ధైర్యం అక్కడే దొరుకుతుంది.

మొదటి వారం: కొలతలు, ఫొటోలు, ఇంట్లోవాళ్ల షరతులు

ఐదు మీటర్ల స్టీలు టేపు, గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు తీసుకోండి. గది పొడవు, వెడల్పు, ఎత్తు అందరూ కొలుస్తారు. వదిలేసేవి వేరే ఉంటాయి. కిటికీ కింది అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, కిటికీ పై అంచు నుంచి సీలింగ్‌కి ఎంత ఖాళీ ఉంది, కిటికీ పక్క నుంచి మూలకు ఎంత దూరం, బీము ఎంత కిందికి దిగింది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, స్విచ్‌బోర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయి. ఇవన్నీ రాసుకోండి. వీటితోపాటు మెయిన్ డోర్ పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీని, లిఫ్టు తలుపు వెడల్పును, లిఫ్టు లోపలి ఎత్తును కూడా కొలవండి. మూడు సీట్ల సోఫా సుమారు ఆరున్నర నుంచి ఏడడుగుల పొడవుంటుంది. అది నిలబెట్టినా లిఫ్టులో పట్టకపోతే, మెట్ల మలుపులో తిరగకపోతే, డెలివరీ రోజున వెనక్కి పంపడమే గతి.

తర్వాత ఫొటోలు. ఒక్కో గదిలో నాలుగు మూలల్లో నిలబడి, ఫోను ఛాతీ ఎత్తులో పట్టుకుని, ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి ఎనిమిదికి తీయండి. రోజూ చూసి చూసి కంటికి ఆననివన్నీ ఫొటోలో బయటపడతాయి. వేలాడే ఎక్స్‌టెన్షన్ వైరు, ఫ్రిజ్ మీద అట్టపెట్టెలు, ఎప్పటిదో క్యాలెండర్ మేకు. ఫోనులోని దిక్సూచితో ఏ కిటికీ ఎటు చూస్తోందో కూడా గుర్తించుకోండి. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. అందుకే డిసెంబరు ఎండ దక్షిణపు కిటికీల్లోంచి గది లోపలిదాకా వస్తుంది. పడమటి కిటికీ మాత్రం వేసవి సాయంత్రాల్లో గదిని కాల్చేస్తుంది. కర్టెన్ గుడ్డ ఎంత మందంగా ఉండాలి, మొక్క ఎక్కడ బతుకుతుంది అన్నవి ఈ ఒక్క సంగతి మీదే తేలిపోతాయి.

ఇక షరతులు. మంచం తల ఏ దిక్కున ఉండాలి, పూజగది లేదా పూజ గూడు ఎక్కడుండాలి, ఏ పటం ఏ గోడకుండాలి అన్న విషయాల్లో ఇంట్లో పెద్దవాళ్ల అభిప్రాయం ముందే కనుక్కోండి. అన్నీ సర్దాక అత్తగారు వచ్చి మంచం తిప్పించడం కంటే, మొదటే దాన్ని కదలని కొలతగా రాసుకోవడం నయం. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడగాల్సినవి మూడు: గోడకు డ్రిల్ చేయవచ్చా, ఒక గోడకు రంగు వేసుకోవచ్చా, ఖాళీ చేసేటప్పుడు దేన్ని యథాస్థితికి తేవాలి. బెంగళూరులో చాలా ఒప్పందాల్లో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు కింద అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె పట్టుకుంటామని రాసి ఉంటుంది. మీ ఒప్పందంలోనూ ఆ మాట ఉంటే, ఎలాగూ వాళ్లు మళ్లీ రంగు వేయిస్తారు కాబట్టి, ఒక గోడకు అనుమతి అడగడానికి మొహమాటపడక్కర్లేదు. జవాబు మాత్రం వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంచుకోండి.

కొనే ముందు తీసేయడం

హాల్లో ఉన్న చిన్న సామానంతా ఒక రోజు పక్క గదిలోకి చేర్చండి. సోఫా, టీవీ, డైనింగ్ టేబులు మాత్రమే మిగలాలి. ఒక రాత్రి అలాగే వదిలేయండి. మర్నాడు ఒక్కొక్కటే వెనక్కి తెస్తూ, దీనికి ఇక్కడ పనుందా అని అడగండి. సగం వస్తువులు తిరిగి రావు.

మనల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది చోటు దొరకని సామాను: చెప్పులు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, బట్టలారేసే స్టాండు, ఇన్వర్టరు, సూట్‌కేసులు. ఇంటర్నెట్‌లో చూసే అందమైన గదుల ఫొటోల్లో ఇవేవీ ఉండవు. మన ఇంటిని ఆ ఫొటోలతో పోల్చుకుని నిరుత్సాహపడటానికి ముఖ్య కారణం ఇదే. వీటికి ముందు చోటు చూపించండి. చెప్పులకు, ముందుకు వాలి తెరుచుకునే సన్న రాక్ గుమ్మం పక్కన ఒదుగుతుంది. బయట కారిడార్‌లో పెట్టుకుందామంటే చాలా అపార్ట్‌మెంట్లలో ఒప్పుకోరు, అగ్నిప్రమాదం జరిగితే దారికి అడ్డమని. సూట్‌కేసులు అటక మీదికి, అటక లేకపోతే మంచం కిందికి. ఈ పని పూర్తవ్వకుండా ఎన్ని కుషన్లు కొన్నా గది గజిబిజిగానే కనిపిస్తుంది.

సామాను కదపడం

ఇది ఉచితం, పైగా అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించేది. సోఫాను నలుగురు పట్టుకుని అటూ ఇటూ లాగక్కర్లేదు. పాత పేపర్లను అతికించి సోఫా, టేబులు, మంచం అసలు సైజులో కత్తిరించి నేలమీద పరిచి చూడండి. మన దగ్గర క్వీన్ మంచం పరుపు ఐదడుగులు × ఆరున్నర, కింగ్ అయితే ఆరడుగులు × ఆరున్నర. చెక్కతో కలిపి ఇంకో నాలుగైదు అంగుళాలు పెరుగుతుంది. కొత్త సామాను కొనేముందు కూడా ఇదే పని చేయాలి. షోరూమ్‌లో పెద్ద హాలు మధ్యన చిన్నగా కనిపించిన సోఫా, పదడుగుల గదిలోకి వచ్చేసరికి గదినంతా మింగేస్తుంది.

గుర్తుపెట్టుకోవాల్సిన దూరాలు కొన్నే. మనిషి నడిచే దారికి కనీసం 30 అంగుళాలు, 36 ఉంటే సుఖం. సోఫాకి, టీపాయికి మధ్య 14 నుంచి 18. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి డైనింగ్ టేబులు అంచు నుంచి గోడకు 36. మంచం పక్కన 24 ఉంటే దుప్పటి మార్చడానికి వీలవుతుంది. అల్మారా తలుపులు బయటికి తెరుచుకునేవైతే మంచానికీ దానికీ మధ్య 36 ఉండాలి.

ప్రతి సామానునూ గోడకు ఆనించేయడం మనకు అలవాటు. దానివల్ల గది మధ్య పెద్ద ఖాళీ మిగిలి, కూర్చున్నవాళ్లు ఒకరికొకరు దూరమవుతారు. వీలుంటే సోఫాను నాలుగంగుళాలైనా ముందుకు జరిపి, కుర్చీలు రెండింటిని దాని వైపు కాస్త వంచి పెట్టండి. మాటలాడుకోవడానికి ఎనిమిదడుగులు దాటిన దూరం ఎక్కువే. ఇలా మార్చిన తర్వాత రెండు వారాలు ఆగండి. మొదటి రెండు రోజులు ఏ మార్పయినా కొత్తగా, తప్పుగా తోస్తుంది. రెండు వారాల తర్వాత కూడా మోకాలికి టీపాయి తగులుతూనే ఉంటే అప్పుడు మార్చండి.

వెలుగు

గది బాగోలేదని రంగు మార్చేసేవాళ్లలో చాలామందికి అసలు మార్చాల్సింది బల్బు. గది మధ్యన ఒకే ట్యూబ్‌లైటు వెలుగుతుంటే మూలలన్నీ చీకటిగా, మొహాలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. బల్బు డబ్బా మీద కెల్విన్ అని ఒక సంఖ్య ఉంటుంది. 2700 నుంచి 3000 అంటే దీపం వెలుగులాంటి పసుపు ఛాయ. 4000 మధ్యస్థం. 6500 అంటే నీలం కలిసిన తెలుపు. హాలుకు, పడకగదికి 3000, వంటింటి గట్టు మీదికి, పిల్లల చదువు బల్లకు 4000 సరిపోతాయి. ఒకే గదిలో 3000, 6500 కలిపి వెలిగించకండి. తెల్ల గోడ ఒకచోట పసుపుగా, ఒకచోట నీలంగా కనబడి, రంగే తప్పు వేశారేమో అనిపిస్తుంది. అదే డబ్బా మీద సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సంఖ్య) అని ఉంటే 80 కంటే 90 ఉన్నది తీసుకోండి. చీర రంగు, కూర రంగు ఉన్నదున్నట్టు కనబడతాయి.

పది × పన్నెండు అడుగుల హాలుకు పద్ధతి ఇది. ఉన్న ట్యూబ్‌లైటును పని వెలుగుగా ఉంచండి. దానికి తోడు సోఫా మూలలో ఒక స్టాండు ల్యాంపు, టీవీ వైపు ఒక టేబులు ల్యాంపు, డైనింగ్ మీద ఒక వేలాడే దీపం. ఒక్కోదానిలో 7 నుంచి 9 వాట్ల ఎల్‌ఈడీ చాలు. వేలాడే దీపం టేబులు పైనుంచి 28–32 అంగుళాల ఎత్తులో ఉండాలి. అంతకన్నా పైకుంటే బల్బు కళ్లలో కొడుతుంది. కొనేముందు హోల్డరు చూసుకోండి. మన ఇళ్లలో మామూలుగా ఉండేది నొక్కి తిప్పే బి22. అలంకరణ దీపాల్లో ఎక్కువ మరతిప్పే ఈ27 వస్తుంది. రకరకాల దీపాలు ఒకేచోట చూడాలంటే చిక్కపేట పక్కనున్న బీవీకే అయ్యంగార్ రోడ్డులో ఒక పూట తిరిగితే చాలు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల పనివాళ్లు తోలుతో దీపాల గొడుగులు కూడా చేస్తారు. వెనక దీపం వెలిగితే ఎరుపూ ఆకుపచ్చా గోడమీద పరుచుకుంటాయి. బొమ్మలాటలో తెర వెనక దీపం పెట్టినప్పుడు తోలు వెలిగినట్టే ఇదీనూ. వీటిలో ఎల్‌ఈడీ తప్ప వేరే బల్బు పెట్టకూడదు, వేడికి తోలు ముడుచుకుపోతుంది.

రంగుల లెక్క మనకు తెలిసిందే

రంగులు కలపడం తనకు రాదనుకునే ఇల్లాలు, చీరల కొట్లో మాత్రం పది నిమిషాల్లో తేల్చేస్తుంది: ఒంటికి ఏది, అంచుకు ఏది, కొంగుకు ఏది. గదికీ అదే లెక్క. గోడలు, పెద్ద కర్టెన్లు చీర ఒళ్లు, నూటికి సుమారు 60 పాళ్లు. సోఫా, తివాచీ, దుప్పటి అంచు, 30 పాళ్లు. కుషన్లు, పటాలు, పూలకుండీ కొంగు, 10 పాళ్లు. మావిచిగురు, గంధం, ఇటుక, నెమలికంఠం అని మీకు పేర్లతో తెలిసిన రంగులనే వాడండి.

ఏ రంగులో తెలియకపోతే, ఇంట్లో మీకు బాగా ఇష్టమైన ఒక గుడ్డ తీసి మంచంమీద పరవండి. శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టా అనుకుందాం. అందులో లేత గోధుమ నేల, ఇటుక ఎరుపు, నల్ల గీత, కాస్త నీలం. నేల రంగు గోడకు, ఇటుక ఎరుపు సోఫా మీద పరిచే గుడ్డకో జంపఖానాకో, నీలం రెండు కుషన్లకు. నల్లది పటాల ఫ్రేములకు. ఆ రంగులను కలంకారీ పనివాడు ఎప్పుడో కుదిర్చేశాడు, మనం వాటిని గదిలోకి తెస్తే చాలు.

కుషన్ గలీబులతో మొదలుపెట్టడం మంచిది, తప్పినా నష్టం తక్కువ. 16 అంగుళాల కుషన్‌కు 15 అంగుళాల గలీబు కుట్టిస్తే బిర్రుగా, నిండుగా ఉంటుంది. సరిగ్గా 16 కుట్టిస్తే నెలకే వదులై మూలలు వాలిపోతాయి. పాత పట్టుచీరలతో కుట్టించేటట్టయితే లోపల పల్చటి నూలు అస్తరు వేయించండి. లేకపోతే పట్టు కుట్టు దగ్గరే చీలుతుంది. వాటిని ఎండ పడే కిటికీ పక్కన ఉంచవద్దు. కలంకారీ కూడా ఎండకు వెలుస్తుంది.

తివాచీ విషయంలో అందరూ చేసే పొరపాటు చిన్నది కొనడం. హాలు మధ్యన ఒంటరిగా తేలుతున్న 3×5 ముక్క గదిని ఇంకా చిన్నగా చూపిస్తుంది. ఏడడుగుల సోఫా ముందు కనీసం 5×8 పరచండి. సోఫా ముందు కాళ్లు రెండూ దానిమీదికి రావాలి. బెంగళూరు దుమ్ముకు, చిన్నపిల్లలున్న ఇంటికి పొడవైన నూలుపోగుల తివాచీ కంటే వరంగల్ జంపఖానా మేలు. దులుపుకోవచ్చు, ఉతుక్కోవచ్చు, తిరగేసి వాడుకోవచ్చు. నున్నటి టైల్స్ మీద జారకుండా కింద రబ్బరు వల వేయడం మరవకండి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లుంటే.

కర్టెన్లు: గుడ్డ లెక్క ఎలా వేయాలి

రెడీమేడ్ కర్టెన్లు ఎక్కువగా ఐదు, ఏడు, తొమ్మిది అడుగుల పొడవుల్లోనే దొరుకుతాయి. మన కిటికీ ఆ కొలతకు రాదు. అందుకే చాలా ఇళ్లలో కర్టెన్ నేలకు పొట్టిగా జానెడు పైన వేలాడుతుంటుంది. కుట్టించుకుంటే ఈ తిప్పలు ఉండవు.

ఒక లెక్క చేసి చూద్దాం. కిటికీ ఐదడుగుల వెడల్పు, పై అంచు నేల నుంచి ఏడడుగుల ఎత్తు. రాడ్డును కిటికీ అంచుకు ఆరంగుళాలు పైన, అంటే 90 అంగుళాల దగ్గర పెట్టండి. గది ఎత్తుగా కనిపిస్తుంది. రెండు పక్కలా ఎనిమిదేసి అంగుళాలు వదిలితే రాడ్డు పొడవు 76 అంగుళాలు. పక్కకు లాగినప్పుడు గుడ్డ గోడమీదికి వెళ్లిపోయి గాలీ వెలుతురూ పూర్తిగా లోపలికి వస్తాయి. కుచ్చులు నిండుగా పడాలంటే గుడ్డ వెడల్పు రాడ్డుకు రెట్టింపు ఉండాలి: 152 అంగుళాలు. మంగళగిరి నూలు గుడ్డ 46 అంగుళాల పన్నా ఉందనుకుంటే మూడు ముక్కలు చాలవు, నాలుగు కావాలి. పక్కకు రెండేసి. ఇక పొడవు: రాడ్డుపైకి లేచే భాగంతో కలిపి 91, నేలకు అర అంగుళం పైన ఆగాలి కాబట్టి 90న్నర, పైన మడతకు నాలుగు, కింద మడతకు ఐదు. మొత్తం వంద అనుకోండి. నూలు గుడ్డ తడిస్తే నూటికి ఐదు పాళ్ల దాకా కుదించుకుపోవచ్చు కాబట్టి 105 అంగుళాలు తీసుకోవాలి. నాలుగు ముక్కలకు 420 అంగుళాలు, అంటే సుమారు పదకొండు మీటర్లు.

టైలరుకు ఇచ్చేముందు గుడ్డంతా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. ఈ ఒక్క పని ఎగ్గొట్టడం వల్లే మొదటి ఉతుకుతో కర్టెన్లు నాలుగైదు అంగుళాలు పొట్టయిపోతాయి. పడమటి కిటికీకి వెనక మందపాటి అస్తరు కుట్టించండి, వేడీ తగ్గుతుంది, రంగూ వెలవదు. ఉత్తరపు కిటికీకి పల్చటి గుడ్డ ఒక్కటే చాలు. చిక్కపేటలో మీటర్ల చొప్పున గుడ్డ కొనేటప్పుడు ఒకే తానులోంచి కోయించుకోండి. రెండో తాను రంగులో వీసమెత్తు తేడా ఉన్నా పక్కపక్కన వేలాడదీస్తే ఇట్టే కనిపిస్తుంది. పూజ గూటి దగ్గర కర్టెన్ ఉంటే దీపానికి కనీసం రెండడుగుల దూరం ఉండాలి.

ఒక గోడకు రంగు

మొత్తం ఇల్లు కాకుండా ఒక గోడతో మొదలుపెట్టండి. రంగుల పుస్తకంలో వేలెడంత ముక్క చూసి నిర్ణయించకండి, గోడంతా వేశాక అది ముదురుగా తోస్తుంది. నమూనా డబ్బా తెచ్చి, రెండడుగుల చార్టు ముక్క మీద రెండు కోట్లు వేసి, గోడకు అతికించి, మొదటి వారం ఫొటోలు తీసిన ఆ మూడు వేళల్లోనే చూడండి. కొత్త బల్బులు పెట్టాకే ఈ పరీక్ష చేయాలి, వెలుగు మారితే రంగూ మారుతుంది.

గోడ చెమ్మగా ఉందా అన్నది ముందు తేల్చుకోండి. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు వానలకు బయటి గోడలు, బాత్రూమ్ పక్క గోడలు తడి పీలుస్తాయి. అడుగు చదరపు ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు వదలండి. లోపలి వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. దానికి మూలం సరిచేయకుండా పుట్టీ, రంగు వేస్తే రెండో వానకు పెచ్చులూడుతుంది. వాల్‌పేపర్ అయితే వెనక బూజు పట్టి వాసనొస్తుంది.

పన్నెండడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర ఎత్తున్న గోడ అంటే 114 చదరపు అడుగులు. రెండు కోట్లకు లీటరు 80 నుంచి 100 చదరపు అడుగులు వస్తుందని లెక్కేసుకుంటే తక్కువ పడదు. రెండు లీటర్లు తెచ్చుకోండి, మిగిలింది తర్వాత మరకలు కప్పడానికి పనికొస్తుంది. డబ్బా మీది షేడ్ కోడ్ ఫొటో తీసి దాచండి. పాత రంగును 180 నంబరు ఎమెరీ పేపరుతో గీకి, గుంటల్లో పుట్టీ పెట్టి, ఆరాక 320తో నునుపు చేసి, దుమ్ము తుడిచి, ఒక కోటు ప్రైమర్. అంచులు రెండంగుళాల బ్రష్‌తో, మిగతాది తొమ్మిదంగుళాల రోలర్‌తో. కోటుకూ కోటుకూ మధ్య నాలుగు గంటలు. గోడ మధ్యలో ఫోన్ వచ్చిందని ఆపకండి. ఆరిన అంచు మీద మళ్లీ రోలర్ పడితే చార కనిపిస్తుంది. మాస్కింగ్ టేపును రంగు పూర్తిగా ఆరకముందే తీయాలి, లేకపోతే రంగు పొరతో సహా లేస్తుంది. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే మెరుపు లేని మ్యాట్ రంగే తీసుకోండి. మెరిసే రంగు ఉతకడానికి వీలే గానీ, పక్కనుంచి వెలుగు పడితే ప్రతి గుంటనూ చూపిస్తుంది.

గోడకు మొదటి రంధ్రం

చాలామందికి చెయ్యి వణికేది ఇక్కడే. స్విచ్‌బోర్డుకు సూటిగా పైనా కిందా సీలింగ్ నుంచి నేలదాకా, అడ్డంగా రెండు వైపులా గోడ చివరిదాకా, అడుగు వెడల్పు పట్టీలో రంధ్రం చేయవద్దు, లోపల వైర్లు ఆ దారుల్లోనే వెళ్తాయి. బాత్రూమ్‌తో కలిసిన గోడలో పైపులుంటాయి, అక్కడ అసలు వద్దు.

రెండు మూడు కిలోల పటానికి 6 మిల్లీమీటర్ల బిట్, అదే సైజు ప్లగ్, 35–40 మిల్లీమీటర్ల స్క్రూ సరిపోతాయి. బిట్ చుట్టూ 40 మిల్లీమీటర్ల దగ్గర రంగు టేపు చుట్టండి, అంత లోతుకు వెళ్లగానే ఆగవచ్చు. రంధ్రం కింద ఒక కవరును మడిచి అతికిస్తే దుమ్మంతా అందులో పడుతుంది. ఆ దుమ్మును చూడండి, గోడ దేనితో కట్టారో అదే చెబుతుంది. ఎర్రగా ఉంటే ఇటుక, మామూలు ప్లగ్ గట్టిగా పట్టుకుంటుంది. బూడిద రంగులో ఉండి బిట్ కష్టంగా దిగితే సిమెంటు బ్లాకు. లేత పొడి రాలి, బిట్ బెండులోకి దిగినట్టు దిగిపోతే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు దిమ్మె. ఇందులో మామూలు ప్లగ్ కొన్నాళ్లకు వదులై పటం కింద పడుతుంది. ఈ బ్లాకుల కోసమే చేసిన నైలాన్ ప్లగ్‌లు ఎస్పీ రోడ్డు హార్డ్‌వేర్ కొట్లలో అడగండి. బిట్ అసలే దిగక కాలుతున్న వాసనొస్తే అది కాంక్రీటు. అల్యూమినియం అచ్చులతో పోసిన కొత్త టవర్లలో గోడలన్నీ ఇలాగే ఉంటాయి, ఇంటి డ్రిల్‌తో కాదు, సుత్తిలా కొడుతూ తిరిగే పెద్ద డ్రిల్ (రోటరీ హామర్) కావాలి. ఎలక్ట్రీషియన్‌ని ఒక్కసారి పిలిపించి అన్ని రంధ్రాలూ ఒకే పూట వేయించుకోండి.

డ్రిల్‌కు అనుమతి లేకపోతే అతికించే కొక్కేలున్నాయి. గోడను స్పిరిట్‌తో తుడిచి, అర నిమిషం గట్టిగా అదిమి, గంట ఆగాకే బరువు వేలాడదీయాలి. కొత్తగా రంగు వేసిన గోడకు వారం ఆగాలి. సున్నం, డిస్టెంపర్ గోడలకు ఇవి నిలవవు.

ఎత్తు: పటం నడిమి భాగం నేల నుంచి 57–58 అంగుళాల దగ్గర ఉంటే నిలబడిన మనిషి కంటికి ఆనుతుంది. హాల్లో దివాన్ మీదో చాపమీదో కూర్చునే ఇళ్లలో ఇంకో ఆరంగుళాలు దించండి. సోఫా పైన అయితే సోఫా వీపు నుంచి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తున మొదలవ్వాలి, పటాల వరుస సోఫా పొడవులో మూడింట రెండొంతులు ఉండాలి. తాతముత్తాతల పటాలు గుమ్మం పైన, ముందుకు వంచి పెట్టడం మన ఆనవాయితీ. వాటిని అక్కడే ఉంచండి. ఎక్కువ పటాలుంటే ముందు నేలమీద పేర్చి, మధ్యలో రెండు మూడు అంగుళాలు వదిలి, నచ్చిన అమరికను ఫొటో తీసి, అదే సైజు కాగితాలు గోడకు అతికించి రెండు రోజులు చూశాకే డ్రిల్ పట్టండి.

కొండపల్లి, ఏటికొప్పాక, చన్నపట్న బొమ్మలు గూట్లో పెట్టేటప్పుడు బొమ్మల కొలువు గుర్తుతెచ్చుకోండి. ఎత్తువి వెనక, పొట్టివి ముందు, మధ్యలో గాలి ఆడే ఖాళీ. ఉన్నవన్నీ ఒకేసారి పెట్టకుండా మూడు నాలుగు మాత్రం పెట్టి, పండగలకు మార్చుతూ ఉంటే గది కొత్తగా ఉంటుంది.

మొక్కలు

లాల్‌బాగ్ పక్కన సిద్దాపుర నర్సరీల్లో మొక్క కొనేటప్పుడు అందం కంటే ముందు మీ కిటికీ దిక్కు చెప్పండి. వెలుగు తక్కువున్న చోట స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్, మనీప్లాంట్ బతుకుతాయి. ఎరికా పామ్‌కు కిటికీ కావాలి. ఇంట్లో మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లెక్కువై. వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. కుండీ అడుగున రంధ్రం లేకపోతే కొనకండి.

చివరగా చెక్కపని

ఇంట్లో ఆరు నెలలు గడిపాక చేయించండి. అప్పటికి పుస్తకాలెన్ని, టీవీ ఎక్కడ, ఇస్త్రీ ఎక్కడ చేస్తున్నారు అన్నీ తెలిసి ఉంటాయి. కార్పెంటర్‌తో మాట్లాడేటప్పుడు ‘మంచి ప్లై’ అన్న మాటతో వదిలేయకండి. తడి తగలని చోట ఐఎస్ 303, వంటింటి సింకు దగ్గర ఐఎస్ 710 (ఇవి ప్లైవుడ్‌కు భారత ప్రమాణాల నంబర్లు) అని కాగితం మీద రాయించుకుని, వచ్చిన ప్రతి షీటు మీద ఆ ముద్ర చూసుకోండి. పెట్టె గోడలకు 18 మిల్లీమీటర్ల మందం, వెనక పలకకు 6 నుంచి 9. డ్రాయర్ లోపలి కొలత, తలుపు తెరుచుకునే వైపు, ప్లగ్ పాయింటు స్థానం బొమ్మ గీసి ఇద్దరూ సంతకం చేయండి. డబ్బు విడతలుగా ఇచ్చి, నూటికి పది పాళ్లు మాత్రం అన్ని డ్రాయర్లూ బరువుతో లాగి చూసి, ప్లై అంచులకు అతికించిన పట్టీ (బ్యాండింగ్) ఊడటం లేదని తేల్చుకున్నాక ఇవ్వండి. అద్దె ఇల్లయితే యూనిట్‌ను గోడకు కట్టేయకుండా, విడదీయగలిగే పెట్టెలుగా చేయించండి. ఒక్కో పెట్టె మొదటి వారం కొలిచిన లిఫ్టు తలుపు కంటే రెండంగుళాలు తక్కువ వెడల్పుతో ఉంటే, తర్వాతి ఇంటికి కూడా వస్తుంది.